వాషింగ్ మెషీన్ ‘మోటారు కాలిపోయింది’ అంటే నమ్మే ముందు ఒక్కసారి వెనక మూత విప్పండి

మా ఇల్లు విశాఖపట్నం పెదవాల్తేరులో. బాల్కనీలో నిలబడితే మేడల సందులోంచి సముద్రం కనిపిస్తుంది. చుట్టాలొచ్చినప్పుడల్లా మీరు అదృష్టవంతులంటారు గానీ ఇంట్లో ఇనుప సామానుకి మాత్రం ఆ గాలి గండమే. గేటు గొళ్ళెం ఏడాదికోసారి, కిటికీ చువ్వలు రెండేళ్ళకోసారి రంగు అడుగుతాయి. వాషింగ్ మెషీన్ కూడా ఆ బాల్కనీలోనే ఉంటుంది, సెమీ ఆటోమేటిక్, కొని చాలా ఏళ్ళయింది.

ఒకరోజు పొద్దున్న అమ్మ దుప్పట్లు వేసి టైమర్ తిప్పితే మ్‌మ్‌మ్ అని మూలుగు తప్ప చక్రం కదల్లేదు. ‘ఏటిరా ఇది, మొన్నే కదా బాగా తిరిగింది’ అని నన్ను పిలిచింది. నేను ఆఫీసుకి వెళ్ళే తొందరలో దగ్గర్లో ఉన్న మెకానిక్‌కి ఫోన్ చేసి వెళ్ళిపోయాను. ఆయన వచ్చి, వెనక మూత కూడా విప్పకుండా టైమర్ రెండుసార్లు తిప్పి, చెవి ఆనించి విని, ‘మోటారు పోయిందమ్మా, కొత్తది వెయ్యాలి’ అని చెప్పాడట. సాయంత్రం వచ్చి ప్లగ్గు తీసి వెనక స్క్రూలు విప్పాను. కెపాసిటర్ (మోటారు కదలడానికి బలమిచ్చే చిన్న డబ్బా) కాళ్ళకి తగిలించే ఇత్తడి క్లిప్పుల్లో ఒకటి కాస్త లాగేసరికి విరిగి చేతిలోకి వచ్చింది. దాని మీద, దేవుడి గదిలో నెలలు తోమకుండా వదిలేసిన రాగి చెంబుకి పట్టినట్టు, ఆకుపచ్చగా చిలుం. వైరు చివర రాగి పోగులు నల్లబడి పొడిపొడిగా రాలుతున్నాయి. ఆ నల్ల భాగం కత్తిరించి, లోపల మెరిసే రాగి కనపడేదాకా వైరు వలిచి, కొత్త క్లిప్పు నొక్కి పెడితే మోటారు మామూలుగా తిరిగింది. ఇప్పటికీ ఆ మోటారే నడుస్తోంది.

ఆ తర్వాత చుట్టుపక్కల ఇళ్ళలో, సాగర్ నగర్‌లో మా పిన్ని వాళ్ళింట్లో, మధురవాడలో అక్క వాళ్ళింట్లో కలిపి చాలా మెషీన్లు విప్పి చూశాను. ‘మోటారు పోయింది’ అని చెప్పించుకున్న వాటిలో మోటారు నిజంగా పోయినవి తక్కువ. ఎందుకంటే మోటారు దాకా కరెంటు చేరకపోయినా, చేరాక కదలడానికి బలం చాలకపోయినా, కదిలాక ఆ తిప్పుడు డ్రమ్ముకి అందకపోయినా, మనకి బయటికి కనపడేది ఒక్కటే, తిరగట్లేదు అని. ఈ మూడింటిలో ఏది అని తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే, మిగతా సగం స్క్రూడ్రైవరూ ఓపికా.

ముందు ప్రాణం సంగతి

ఇది చదవకుండా కిందికి వెళ్ళకండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు గోడలోంచి పీకి, దాన్ని కళ్ళెదుట కనపడేలా మెషీన్ మీద పెట్టండి. స్విచ్ బోర్డులో ఫేజూ (కరెంటు వచ్చే వైరు) న్యూట్రలూ (తిరిగి వెళ్ళే వైరు) తారుమారై ఉన్న ఇళ్ళు పాత కాలనీల్లో బోలెడు, అక్కడ స్విచ్ ఆపినా లోపల వైర్లలో కరెంటు ఉంటుంది. నేల తుడిచి ఆరబెట్టండి, కాళ్ళకి రబ్బరు చెప్పులు వేసుకోండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే గదిలోకి పంపేయండి.

ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లో కరెంటు నిలవ ఉంటుంది. మెకానిక్‌లు దీన్ని కండెన్సర్ అంటారు, షాపులో ఏ పేరుతో అడిగినా ఇస్తారు. దాని రెండు కాళ్ళనీ స్క్రూడ్రైవర్‌తో కలిపి టప్పుమనిపించడం చాలామంది చేస్తారు, దయచేసి చెయ్యకండి, కాలు కరిగిపోతుంది, ఒక్కోసారి నిప్పురవ్వ మొహం మీదికి లేస్తుంది. పాత ఫిలమెంట్ బల్బు ఒకటి హోల్డర్లో పెట్టి, దాని రెండు వైర్లకీ కొసలు తప్ప మిగతా అంతా టేపు చుట్టి, ఆ కొసల్ని కెపాసిటర్ కాళ్ళకి కొన్ని సెకన్లు తాకించి ఉంచితే నెమ్మదిగా దిగిపోతుంది. మూడు కాళ్ళున్న జంట కెపాసిటర్ అయితే ప్రతి రెండు కాళ్ళ మధ్యా అలా చేయాలి. తర్వాత మల్టీమీటరు వోల్టుల్లో పెట్టి సున్నా చూపిస్తేనే చెయ్యి పెట్టండి.

ఇన్వర్టర్ మెషీన్ల (మోటారు వేగాన్ని ఎలక్ట్రానిక్ బోర్డు అదుపు చేసే రకం) బోర్డుల్లో అయితే 300 వోల్టుల పైన డీసీ ఉంటుంది. ప్లగ్గు తీసి కనీసం పది నిమిషాలు ఆగండి, ఆగాక కూడా బోర్డు విప్పే పని పెట్టుకోకండి. మెషీన్ని ముట్టుకుంటే జిల్లుమంటున్నా, లేక స్విచ్ వేసిన వెంటనే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్చు) పడిపోతున్నా అది మోటారు వైండింగ్ (లోపలి తీగ చుట్లు) తడిసిందనో ఎక్కడో వైరు బాడీకి తగులుతోందనో అర్థం. ఆ మెషీన్‌తో ప్రయోగాలొద్దు, ప్లగ్గు తీసేసి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ముందు ఇంటి ఎర్తింగ్ చూపించండి. మూడో పిన్ను ఉంది కదా అనుకుంటాం, దాని వెనక గోడలో ఎర్త్ వైరు లేని ఇళ్ళు నేను స్వయంగా చూశాను.

ఇంకో మాట. విప్పే ముందు బిల్లు వెతకండి. ఇన్వర్టర్ మోటారుకి చాలా కంపెనీలు 10 ఏళ్ళ వారంటీ ఇస్తున్నాయి, అది ఉన్నప్పుడు మన చేత్తో విప్పి పోగొట్టుకోవడం దేనికి.

చెవి, ముక్కు, తర్వాతే మీటరు

ఒక్క నిమిషం ఏమీ విప్పకుండా, నీళ్ళూ బట్టలూ లేకుండా మెషీన్ ఆన్ చేసి వినండి.

అసలు చప్పుడే లేదు, నిశ్శబ్దం. అప్పుడు కరెంటు మోటారు దాకా చేరట్లేదు. సాకెట్‌లో వేరే ఏదైనా పెట్టి చూడండి, ఆ తర్వాత ప్లగ్గు పిన్నులు చూడండి. సముద్రం వైపు ఇళ్ళలో ఇత్తడి పిన్నులు నల్లబడి, సాకెట్ లోపలి రేకులు వదులై ఉంటాయి, ప్లాస్టిక్ కాస్త పసుపుపచ్చగా కాలి ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ బాక్స్ వాడుతుంటే మొట్టమొదట దాన్ని తప్పించి నేరుగా గోడకి పెట్టి చూడండి.

మ్‌మ్‌మ్ అని మూలుగుతోంది, కానీ కదలట్లేదు. కరెంటు చేరుతోంది, లేవడానికి బలం లేదు, లేదా దేనికో పట్టేసింది. ఈ మూలుగుని పది సెకన్లకి మించి సాగనివ్వకండి. తిరగని మోటారులోకి మామూలు కంటే చాలా ఎక్కువ కరెంటు వెళ్తుంది, ‘కాసేపుంటే అదే అందుకుంటుందిలే’ అని వదిలేస్తే బాగున్న మోటారు కూడా నిజంగానే కాలిపోతుంది. నేను చూసిన నిజంగా కాలిన మోటార్లలో చాలావాటి కథ ఇదే.

మోటారు తిరుగుతున్న చప్పుడు స్పష్టంగా వస్తోంది, డ్రమ్ము మాత్రం కదలట్లేదు. ఇది బెల్టు, పుల్లీ (బెల్టు పట్టే చక్రం), లేదా టాప్ లోడ్ అయితే క్లచ్ (తిప్పుడుని తొట్టికి కలిపే ఏర్పాటు). మోటారుకి ఏ రోగమూ లేదు.

వాసన కూడా చాలా చెప్తుంది. రోడ్డు మీద టైరు కాలిన వాసనైతే బెల్టు జారి రాసుకుంటోంది. ముక్కు మండేలా, వార్నిష్ మాడినట్టు, గదంతా పట్టేసి రెండ్రోజులు పోని వాసనైతే అది వైండింగ్, అప్పుడు మాత్రం మోటారు సంగతి నిజమే.

ఇంకోటి, పదిహేను నిమిషాలు బాగా తిరిగి ఆగిపోయి, ఒక అరగంట తర్వాత మళ్ళీ దానంతట అదే తిరిగే రకం. మోటారు లోపల వేడికి తెగి, చల్లారాక కలిసే రక్షణ స్విచ్చు ఉంటుంది, అది పని చేస్తోందన్నమాట. అది చెడిపోయిందని దాన్ని తప్పించి డైరెక్ట్ చేసేవాళ్ళున్నారు, ఒప్పుకోకండి, ఇల్లు కాలకుండా ఆపేది అదే. వేడెందుకు ఎక్కుతోందో చూడాలి: బట్టలు ఎక్కువ వేస్తున్నామా, బెల్టు మరీ బిగుతుగా ఉందా, వోల్టేజీ తక్కువగా వస్తోందా. వోల్టేజీ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఈ రకం మోటారు బలం వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి మారుతుంది, అంటే 230 రావాల్సిన చోట 180 వస్తే వోల్టేజీ తగ్గింది ఐదో వంతు పైచిలుకే గానీ బలం మాత్రం 61 శాతానికి పడిపోతుంది. మే నెల రాత్రి వీధిలో అన్ని ఏసీలూ నడుస్తున్నప్పుడు దుప్పట్లు వేసి మోటారు లేవట్లేదంటే తప్పు దానిది కాదు, తెల్లారి ఆరింటికి అవే దుప్పట్లు వేసి చూడండి.

సెమీ ఆటోమేటిక్, ఉతికే వైపు

ఇందులో రెండు మోటార్లుంటాయి, ఉతకడానికొకటి, డ్రయ్యర్‌కొకటి. డ్రయ్యర్ బాగా తిరిగి ఉతికే వైపు మాత్రమే ఆగితే మెయిన్ వైరూ ప్లగ్గూ బాగున్నట్టే, అటువైపు వెతికే పని లేదు.

ప్లగ్గు తీసి, అడుగున ఉన్న చక్రాన్ని చేత్తో తిప్పండి. కొంచెం బరువుగా, కానీ సాఫీగా తిరగాలి. ఎక్కడో పట్టినట్టుంటే మధ్య స్క్రూ విప్పి చక్రం పైకి తీయండి. ఎన్నాళ్ళుగానో ఉంటే బిగుసుకుపోతుంది, రెండు వైపులా గట్టి దారం వేసి సమానంగా లాగితే వస్తుంది. మా పిన్ని వాళ్ళ మెషీన్లో చక్రం కింద దొరికినవి: రెండు రూపాయల బిళ్ళ, పిన్నీసు, చొక్కా బొత్తాలు నాలుగు, ఆర్కే బీచ్ ఇసుక గుప్పెడు. ఆ ఇసుకే చక్రం అంచుల్లో ఇరుక్కుని గరగరమంటోంది. బీచ్‌కి వెళ్ళొచ్చిన బట్టలు ముందు దులిపి, బకెట్లో ఓసారి జాడించి వేసుకుంటే ఈ బాధ రాదు.

చక్రం సాఫీగానే ఉంటే వెనక మూత విప్పండి. విప్పగానే ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి, ప్రతి వైరు రంగూ ఎక్కడికి వెళ్తోందో కనపడేలా దగ్గరగా, దూరంగా, కనీసం నాలుగైదు. తర్వాత గుర్తుంటుందిలే అనుకున్న ప్రతిసారీ నాకు గుర్తులేదు. ఇప్పుడు మీటరు లేకుండానే కంటితో చూడండి. ఎలుక కొరికిన వైరుందా? సెమీ ఆటోమేటిక్‌లు చాలావాటికి అడుగు తెరిచే ఉంటుంది, ఎలుకకి అది వెచ్చటి ఇల్లు. క్లిప్పులకి చిలుం పట్టిందా? ఒక్కొక్క క్లిప్పూ మెల్లగా లాగి చూడండి, వదులుగా వచ్చేస్తే నోస్ ప్లయర్‌తో కొంచెం నొక్కి బిగించి పెట్టండి, ఆకుపచ్చగా ఉంటే మార్చేయండి. అడుగున నల్లటి పొడి పేరుకుని ఉంటే అది బెల్టు అరిగి రాలిన రబ్బరు. బెల్టు మధ్యలో వేలితో నొక్కితే సుమారు అర అంగుళం లోపలికి వెళ్ళాలి. మరీ వదులైతే మోటారు పట్టే బోల్టులు కాస్త వదులు చేసి మోటారుని పక్కకి జరిపి బిగించండి, పగుళ్ళుంటే మార్చండి, పాత బెల్టు మీదున్న నంబరు చూపిస్తే అదే ఇస్తారు. పుల్లీ సంగతి మాత్రం చాలామంది మర్చిపోతారు. మోటారు ఇరుసుకి పుల్లీని పట్టి ఉంచే చిన్న స్క్రూ వదులైతే, ఇరుసు తిరుగుతుంది, పుల్లీ నిలబడి ఉంటుంది. ఆ స్క్రూ ఒక్కటి బిగించి ఒకళ్ళింట్లో మెషీన్ నడిపించాను.

అన్నీ బాగుండి ఇంకా మూలుగుతోందంటే కెపాసిటర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఖాళీగా ఉంటే తిరిగి బట్టలు వేస్తే ఆగిపోవడం దీని లక్షణమే. పైన ఉబ్బినా, నూనె కారినా చూడకుండా మార్చేయొచ్చు. ఏమీ కనపడకపోతే కెపాసిటర్ కొలిచే మల్టీమీటరు కావాలి, వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, ఇంట్లో ఉండాల్సిన వస్తువే. వైర్లు రెండూ తీసేసి కొలవండి. మీద 10 మైక్రోఫారడ్ (µF) అని ఉంటే 9 దాటి చూపించాలి, ఆరో ఏడో చూపిస్తే దొంగ దొరికినట్టే. ఉతికే మోటారుకి సాధారణంగా 10 నుంచి 12 దాకా, డ్రయ్యర్ మోటారుకి దాదాపు అందులో సగం ఉంటుంది, కొన్నిటిలో రెండూ ఒకే డబ్బాలో కలిపి ఉంటాయి. జగదాంబ, డాబాగార్డెన్స్ వైపు వెళ్తే ఎలక్ట్రికల్ షాపుల్లో అడగండి, పాతది జేబులో వేసుకుని వెళ్ళండి, దాని మీద రాసిన విలువే తీసుకోండి, వోల్టేజీ 440 అని ఉందో లేదో చూసుకోండి. ఇంట్లో ఉందని సీలింగ్ ఫ్యాన్‌ది పెట్టకండి, అది రెండున్నరో మూడో ఉంటుంది, మోటారు అలాగే మూలుగుతుంది. పెద్దది పెడితే బలంగా తిరుగుతుందని చెప్పేవాళ్ళ మాట అసలు వినకండి. మొదట్లో బలంగానే ఉంటుంది, కానీ వైండింగ్‌లోకి ఎక్కువ కరెంటు లాగి రోజురోజుకీ ఉడకబెడుతుంది.

కెపాసిటర్ బాగుంటే అప్పుడు మోటారు వైండింగ్ కొలుద్దాం. ఉతికే మోటారుకి మూడు వైర్లొస్తాయి. మోటారు పూర్తిగా చల్లారాక, ఆ మూడింటినీ కనెక్షన్ల నుంచి విడదీసి, రెండేసి చొప్పున మీటరు ఓమ్స్‌లో పెట్టి చూడండి. రెండు కొలతలు ఇంచుమించు సమానంగా, మూడోది ఆ రెండూ కలిపినంత రావాలి. ఉదాహరణకి 25, 25, 50. ఇది రెండువైపులా తిరగాల్సిన మోటారు కాబట్టి రెండు చుట్లూ ఒకేలా ఉంటాయి. ఒకటి 25, ఇంకోటి 14 వస్తే లోపల చుట్లు ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఒకటి అసలు చూపించకపోతే తెగింది. ఏ వైరుకీ మోటారు ఇనుప బాడీకీ మధ్య మీటరు ఏమీ చూపించకూడదు, చూపిస్తే ఆ మోటారుకి మళ్ళీ కరెంటు ఇవ్వకండి. కొలతలన్నీ బాగుండి, ఒకవైపే తిరుగుతుంటే టైమర్ లోపలి కాంటాక్టులు కాలి ఉంటాయి, టైమర్ మార్చాలి.

డ్రయ్యర్ వైపు

ఇక్కడ మోటారు కంటే బ్రేకు వైరుదే పెత్తనం. మూత తెరిస్తే తొట్టి ఆగిపోవడానికి ఒక సైకిల్ బ్రేకు లాంటి ఏర్పాటుంటుంది. మూత మూసినప్పుడు వైరు లాగి బ్రేకుని వదిలించాలి. ఆ వైరు సాగినా, తుప్పు పట్టి బిగుసుకున్నా బ్రేకు పట్టుకునే ఉంటుంది, మోటారు పాపం బ్రేకుతో సహా తిప్పాలని చూసి మూలుగుతుంది. ప్లగ్గు తీసి, మూత మూసి, వెనక నుంచి చూస్తే బ్రేకు ముక్క డ్రమ్ముకి తగులుతోందో లేదో కంటికి కనపడుతుంది. మూత కింద స్విచ్చు కూడా చూడండి, దాని రేకులు కలవకపోతే నిశ్శబ్దం. తొట్టికీ బయటి గోడకీ మధ్య సందులో పిల్లల సాక్సో జేబురుమాలో జారి ఇరుసుకి చుట్టుకోవడం మాటిమాటికీ జరిగేదే. పైన ప్లాస్టిక్ మూత పెట్టి నొక్కమనేది అందుకే.

డ్రయ్యర్ మోటారు నిజంగా పోవడానికి పెద్ద కారణం నీళ్ళు. తొట్టి ఇరుసు దగ్గర రబ్బరు సీలు అరిగితే నీళ్ళు బొట్లుబొట్లుగా నేరుగా మోటారు మీద పడతాయి. వెనక నుంచి చూసినప్పుడు మోటారు పైభాగం మీద తుప్పు, తెల్లటి సబ్బు చారలు కనపడితే ముందు సీలు మార్చండి. సీలు వదిలేసి కొత్త మోటారు వేస్తే అది కూడా అదే దారిన పోతుంది. డ్రయ్యర్‌ని మాత్రం మూత తెరిచి, స్విచ్చు నొక్కి పట్టి నడిపి చూడటం, తొట్టిని చేత్తో తోసి సాయం చేయడం లాంటివి ఎవరు చెప్పినా చేయొద్దు. తిరిగే తొట్టిలో బట్ట చేతికి చుట్టుకుంటే వేళ్ళు మిగలవు.

పూర్తి ఆటోమేటిక్‌లు

టాప్ లోడ్‌లో ఉతుకు బాగానే చేసి, పిండేటప్పుడు మాత్రం తొట్టి తిరగకపోతే మోటారుని అనుమానించకండి, ఉతికేదీ పిండేదీ ఒకటే మోటారు. నీళ్ళు వదిలే చిన్న మోటారు ఒకటుంటుంది, అదే నీళ్ళ దారి తెరిచి, క్లచ్ మీట కూడా లాగుతుంది. అది పోతే నీళ్ళు దిగవు, తొట్టీ తిరగదు.

ఫ్రంట్ లోడ్ విప్పే ముందు నీళ్ళు పూర్తిగా దిగుతున్నాయా చూడండి. కింద మూలన ఉన్న ఫిల్టర్ విప్పి శుభ్రం చేయండి, నీళ్ళు దిగకపోతే అది పిండటం మొదలుపెట్టదు. తర్వాత తెర మీద ఏం చూపిస్తోందో రాసుకోండి. ఎల్‌జీలో ఎల్‌ఈ అన్నా, శామ్‌సంగ్‌లో 3ఈ లేదా 3సీ అన్నా మోటారు వైపు ఇబ్బంది అని అర్థం. అంతమాత్రాన మోటారు పోయిందని కాదు. సగం బట్టలు తీసేసి, ప్లగ్గు పీకి కాసేపాగి మళ్ళీ పెట్టి చూడండి, బరువెక్కువై వచ్చిన ఎల్‌ఈ అయితే పోతుంది.

పోకపోతే మీ మోటారు ఏ రకమో తెలియాలి. ఇన్వర్టర్ అని రాసి లేని పాత ఫ్రంట్ లోడ్‌లలో ఎక్కువగా కార్బన్ బ్రష్‌ల మోటారు ఉంటుంది. ఇవి పెన్సిల్ ముక్కల్లా అరిగిపోయే వస్తువులు, అరిగితే మార్చాలి, అంతే, దానికి మోటారు మార్చమనడం చెప్పు అరిగిందని కాలు మార్చమన్నట్టుంటుంది. లక్షణాలు: ఒకరోజు తిరుగుతుంది, ఒకరోజు తిరగదు, తలుపు మీద తడితే మళ్ళీ తిరుగుతుంది, వెనక నుంచి నిప్పురవ్వలు కనపడతాయి. మెషీన్ని ముందుకి జరపడానికి ఇద్దరు కావాలి, లోపల సిమెంటు దిమ్మ ఉంటుంది కాబట్టి మొత్తం 60, 70 కిలోలుంటుంది, ఒక్కరే వంచే సాహసం చేయకండి. వెనక మూత తీసి, బెల్టు తప్పించి, కనెక్టర్ లాగి, బోల్టులు విప్పితే మోటారు చేతికొస్తుంది, బరువు, జాగ్రత్త. రెండు వైపులా రెండు బ్రష్‌లు. కార్బన్ ఒక సెంటీమీటరు కంటే తక్కువ మిగిలితే రెండూ కలిపి మార్చండి, ఒక్కటే మార్చకండి. అవి ఆనుకునే రాగి చక్రం నల్లగా ఉంటే సన్నటి ఎమరీ కాగితంతో మెల్లగా రుద్ది, గాడుల్లో చేరిన పొడి పాత టూత్‌బ్రష్‌తో దులపండి. ఆ గాడుల్లో పెచ్చులూడినా ఒక రాగి ముక్క పైకి లేచినా బ్రష్‌లు ఎన్ని మార్చినా నిలవవు. కొత్తవి వేశాక మొదటిసారి బట్టల్లేకుండా నడపండి, కాసేపు చిన్న చిన్న రవ్వలు రావడం మామూలే, కుదురుకున్నాక తగ్గుతాయి.

డ్రమ్ము మొదలెట్టగానే ఒక్కసారిగా పిచ్చి వేగంతో లేచి ఆగిపోతే మోటారు వెనక వేగం కొలిచే చిన్న కాయిల్, దాని అయస్కాంతం చూడండి. ఆ అయస్కాంతం వదులై జారిపోతే మెషీన్‌కి ఎంత వేగంలో ఉందో తెలియదు.

ఇన్వర్టర్ మోటార్లకి బ్రష్‌లుండవు. వీటిలో మనం చేయగలిగింది కనెక్టర్లు తీసి, పచ్చబడ్డాయేమో చూసి, శుభ్రం చేసి, గట్టిగా పెట్టడం. మోటారు మూడు వైర్ల మధ్య కొలతలు మూడూ సమానంగా రావాలి. అవి సమానంగా వచ్చి, కనెక్టర్లు శుభ్రంగా ఉండి, ఇంకా మొరాయిస్తే వేగం చెప్పే సెన్సరో బోర్డో అనుమానం, అక్కడితో ఆపి సర్వీసు వాళ్ళని పిలవండి.

ఉప్పుగాలికి, తుఫానుకి

లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు, సాగర్ నగర్, రుషికొండ వైపు ఉండేవాళ్ళు ఏడాదికి రెండుసార్లు, వేసవి చివర ఒకసారి, తుఫాన్ల కాలం అయ్యాక డిసెంబరులో ఒకసారి, ప్లగ్గు తీసి వెనక మూత విప్పి క్లిప్పులన్నీ చూడండి. కాంటాక్టులు శుభ్రం చేసే స్ప్రే దొరుకుతుంది, కొట్టి పూర్తిగా ఆరనివ్వండి. కొబ్బరినూనె రాయకండి, దుమ్ము పట్టి జిగురవుతుంది. సముద్రం వైపు తెరిచిన బాల్కనీ అయితే మెషీన్ వెనక భాగం గోడవైపు ఉండేలా, గోడకి కాస్త సందు వదిలి పెట్టండి. ప్లాస్టిక్ కవరు వేసేవాళ్ళు ఉతికిన వెంటనే వేయకండి, లోపలి చెమ్మ అక్కడే ఉడికి తుప్పు ఇంకా పెరుగుతుంది. అడుగున ఎలుకలు దూరకుండా సన్న జాలీ కట్టండి, మోటారుకి గాలి ఆడాలి కాబట్టి రేకు పెట్టి మూసేయొద్దు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు వాన అడ్డంగా కొట్టి మా మెషీన్ లోపలంతా తడిసిపోయింది. ఊరంతా కరెంటు లేదు, అదే మెషీన్‌ని కాపాడింది, లేకపోతే ఆ తడి మీదే ఎవరో ఒకరం స్విచ్ వేసేవాళ్ళం. వెనక మూత తీసి, ఎండ వచ్చాక నీడలో గాలికి ఆరబెట్టాం, కరెంటొచ్చాక టేబుల్ ఫ్యాన్ ఒక రోజంతా పెట్టాం, ఆ తర్వాతే ప్లగ్గు పెట్టాం. తడిసిన మోటారుకి కావాల్సింది ఇదే, ఒకటి రెండు రోజుల ఓపిక. హెయిర్ డ్రయ్యర్ దగ్గరగా పెట్టి వేడి కొట్టకండి, వైర్ల మీది ప్లాస్టిక్ కరుగుతుంది.

నిజంగానే మోటారు పోతే

కొలతలు సమానంగా రాలేదు, వార్నిష్ మాడిన వాసన వస్తోంది, బాడీకి కరెంటు తగులుతోంది. సరే, పోయింది. సెమీ ఆటోమేటిక్ మోటారైతే కొత్తదా, రీవైండింగా అన్నది ఆలోచించాలి. చౌక మోటార్లలో అల్యూమినియం తీగ ఉంటుంది, అది కాలితే మళ్ళీ రాగి తీగతో చుట్టించుకోవడం మంచిదే, కానీ చుట్టే మనిషి చెయ్యి మంచిదై ఉండాలి. ఫ్యాన్లూ, నీళ్ళ మోటార్లూ ఎక్కువగా చుట్టే షాపుకి ఇవ్వండి, రాగితోనే చుట్టమని, వార్నిష్ పోసి బాగా ఆరబెట్టాకే ఇమ్మని ముందే చెప్పండి, ఒకరోజు ఆలస్యమైనా ఫర్వాలేదనండి. బేరింగ్‌లు లేదా బుష్‌లు కూడా అప్పుడే మార్చించేయండి, ఎలాగూ విప్పారు కదా. కొత్త మోటారు ఖరీదులో సగం దాటి అడిగితే నేనైతే కొత్తదే కొంటాను.

తెచ్చాక షాపు దగ్గరే మూడు వైర్ల కొలతలూ ఒకసారి చూసుకోండి, ఇంటికొచ్చి ఫొటో ముందు పెట్టుకుని వైర్లు కలపండి, కెపాసిటర్ పాతదే అయితే కొత్తది వేయండి. మొదటిసారి బట్టలూ నీళ్ళూ లేకుండా పదిహేను నిమిషాలు తిప్పి, ప్లగ్గు పీకి, మోటారు బాడీ మీద అరచెయ్యి ఆనించి చూడండి. వెచ్చగా ఉండి చెయ్యి పెట్టి ఉంచగలిగితే బాగున్నట్టే, చెయ్యి వెంటనే తీసేయాల్సి వస్తే బట్టలు వెయ్యకుండా అదే సాయంత్రం షాపుకి తీసుకెళ్ళిపోండి.